కంచె మీదుగా వచ్చిన హాప్ పూలు

2023 మే నెల. లీడ్స్ నగరానికి ఉత్తరాన ఒక చిన్న వెటర్నరీ సర్జరీలో పనిచేస్తున్నాను. ఇక్కడ సర్జరీ అంటే ఆపరేషన్ అని కాదు. డాక్టరు కూర్చుని చూసే క్లినిక్‌నే అలా అంటారు. మాది తెనాలి దగ్గర పల్లె. పశువైద్యం చదివింది ఆంధ్రలోనే. పాడిగేదెలతో మొదలైన నా ఉద్యోగం ఈ దేశం వచ్చాక కుక్కల, పిల్లుల, కుందేళ్ల మీదికి మళ్లింది.

ఈ వృత్తిలో మందుల కంటే ముందు అలవడేది అనుమానం. మా పేషెంట్లకు మాట రాదు. వాటి తరఫున మాట్లాడేవాళ్లు అన్నీ చెప్పరు. "ఏమీ తినలేదండీ" అని యజమాని ఒట్టేసి చెప్పిన కుక్క కడుపులోంచి పిల్లవాడి సాక్సు బయటికి తీశాను. మంచం మీంచి దూకి కాలు విరిగిందన్న పిల్లికి ఎక్స్‌రే తీస్తే ఎయిర్‌గన్ గుండు కనిపించింది. అందుకే ఎవరేం చెప్పినా విని, తల ఊపి, జంతువును మాత్రం మొదటినుంచీ నా కళ్లతో నేనే చూసుకోవడం అలవాటైంది.

ఆ రోజు శనివారం. వంతుల పట్టిక ప్రకారం నాది పొద్దుటి డ్యూటీ. ఇంకాసేపట్లో తలుపులు మూస్తామనగా శ్రీధర్ గారు లడ్డును రెండు చేతుల మీద మోసుకుంటూ పరుగున వచ్చారు. లడ్డు వాళ్ల లాబ్రడార్. శ్రీధర్ గారిది కరీంనగర్, ఇక్కడ ఒక బ్యాంకులో ఐటీ ఉద్యోగం. భార్య కవిత, పన్నెండేళ్ల కూతురు ఆద్య వెనకే వచ్చారు. తెలుగు డాక్టరునని తెలిసి లడ్డును పసికూనగా ఉన్నప్పటినుంచీ నా దగ్గరికే తెచ్చేవాళ్లు.

టేబుల్ మీద పడుకోబెట్టి చూశాను. నాలుక పూర్తిగా బయటికి వేలాడుతోంది. కొలిమితిత్తిలా రొప్పుతోంది. తొడల కండరాలు సన్నగా అదురుతున్నాయి. థర్మామీటర్ సెల్సియస్‌లో నలభై ఒకటి దాటి నలభై రెండుకు దగ్గరగా ఆగింది. కుక్కకు మామూలుగా ఉండేది ముప్ఫై ఎనిమిది, ముప్ఫై తొమ్మిది మధ్య. ఇంకొంచెం పెరిగితే లోపలి అవయవాలు ఉడికిపోయినట్టే.

"ఏం తింది?" అని అడిగాను.

"తినలే మేడమ్, తినిపిచ్చిన్రు," అన్నారు శ్రీధర్ గారు. "మా పక్కింటి ముసలోడు. లడ్డు మొరుగుతున్నదని కౌన్సిల్‌ల రెండుసార్లు కంప్లైంట్ ఇచ్చిండు. ఇప్పుడు డైరెక్టుగ విషమే పెట్టిండు."

"మీరు చూశారా?"

"చూసుడేంది మేడమ్, ఇంకెవరు పెడ్తరు?"

కవిత కుక్క తల పట్టుకుని నిలబడి ఉంది. "పొద్దున మంచిగనే ఉండె. తోటల ఆడుకొని వచ్చింది. గంటన్న కాలే, గిట్ల అయింది," అంది.

మా నర్సు కెల్లీ అప్పటికే తడి తువ్వాళ్లు కప్పి ఫ్యాన్లు పెట్టింది. నేను కాలి నరానికి సెలైన్ ఎక్కించాను. చేతులు పని చేస్తున్నా బుర్ర మాత్రం శ్రీధర్ గారి మాట చుట్టే తిరుగుతోంది. ఎందుకంటే ఈ లక్షణాలు నేను అంతకుముందు చూసినవే. తోటల్లో నత్తల్ని చంపడానికి నీలం రంగు గుళికలు అమ్మేవారు. స్లగ్ పెలెట్స్ అంటారు. అవి తిన్న కుక్క ఇలాగే వణుకుతుంది, ఇలాగే కాలిపోతుంది. ఆ రకం మందును నిషేధించారు గానీ పాత డబ్బాలు ఇంకా చాలామంది షెడ్లలో పడి ఉంటాయి. ముసలాయన షెడ్డులోనూ ఉండవచ్చు. ఇష్టంలేని కుక్క మీద వాడాలనుకుంటే అంతకంటే సులువైనది లేదు.

ఇంతలో లడ్డు వాంతి చేసుకుంది. కెల్లీ ట్రే పట్టింది. ఇద్దరం తలలు వంచి చూశాం. నీలం రంగు జాడ లేదు. వడకట్టిన టీ పిప్పిలా గోధుమరంగు ముద్ద, దానిలో పల్చటి కాగితపు పొలుసుల్లాంటి రేకులు. వాసన వింతగా ఉంది. ఇక్కడి పిల్లలు తాగే బ్లాక్‌కరెంట్ పళ్లరసంలా కాస్త తియ్యగా, దాని వెనకే మగపిల్లి ఉచ్చపోసిన మూలలా ఘాటుగా.

"పిల్లి తిరిగిన చోట మట్టి తిన్నట్టుంది," అంది కెల్లీ. మట్టి తింటే ఇంత జ్వరం రాదని ఇద్దరికీ తెలుసు.

శ్రీధర్ గారు ఫోను నా ముఖం ముందుకు తెచ్చారు. వాళ్ల వెనక తోటలో కెమెరా ఉంది. ముందురోజు సాయంత్రం రికార్డయిన చిన్న ముక్క అది. పక్కింటి వైపునుంచి కంచె మీదుగా ఒక చెయ్యి వచ్చింది. మడతలు పడిన, మచ్చల చెయ్యి. ఆ చేతిలో నల్ల ప్లాస్టిక్ సంచీ. సంచీని మెల్లగా కిందికి దించింది. అక్కడితో వీడియో ఆగిపోయింది.

"ఇంకేం ప్రూఫ్ కావాలె మేడమ్? మీరు పాయిజనింగ్ అని రాసియ్యున్రి. నేను పోలీసుల దగ్గరికి పోత."

నిజం చెప్పాలంటే ఆ చెయ్యి చూడగానే నాకూ అనుమానం గట్టిపడింది. మంచి ఉద్దేశం ఉన్నవాడు వీధి తలుపు కొట్టి ఇస్తాడు గానీ కంచె మీదుగా ఎందుకు దించుతాడనిపించింది.

"నేను చూసింది రాస్తాను శ్రీధర్ గారూ. ఎవరు చేశారో నేను చూడలేదు కదా," అన్నాను.

ఆయనకు నచ్చలేదు. ఫోను పట్టుకుని వెయిటింగ్ రూములోకి వెళ్లిపోయారు.

కవిత ఇంటికి ఫోను చేసి స్పీకరులో పెట్టింది. వాళ్లమ్మ లక్ష్మమ్మ గారు ఆర్నెల్ల విజిటర్ వీసా మీద వచ్చి ఉన్నారు.

"అమ్మా, మన తోటలకు ఎవరన్న వచ్చిన్రా? నిన్నగని, పొద్దునగని?"

"ఎవ్వరు రాలే బిడ్డా. నేను ఈడనే ఉన్న. లడ్డు ఎట్లున్నది?"

"మంచిగ లేదమ్మా," అని కవిత ఏడుపు ఆపుకుంది.

ఇలాంటి సందర్భాల్లో మాకు ఒక హెల్ప్‌లైన్ ఉంటుంది. జంతువులకు విషమైన వస్తువుల గురించి తెలిసిన నిపుణులు అటువైపు ఉంటారు. నేను లక్షణాలన్నీ చెప్పాను. అటువైపు ఆవిడ ఎవరి గురించీ అడగలేదు. "తోటలో కొత్తగా ఏమైనా పరిచారా? కంపోస్టు, కోకో పొట్టు, మల్చ్ లాంటిది?" అని అడిగింది. మల్చ్ అంటే మొక్కల మొదళ్లు కప్పడానికి పరిచే ఆకూ పొట్టూ. కాగితపు రేకుల సంగతి చెప్పగానే, అది వెంటనే కనుక్కోమంది. మందు దాన్ని బట్టే మారుతుందట.

కవిత ఫోను నేనే తీసుకున్నాను. "అమ్మా, నేను డాక్టర్ని. ఈమధ్య మీరు మొక్కలకి ఏమైనా వేశారా? ఎరువు గానీ, పొట్టు గానీ?"

"ఏసిన బిడ్డా. నిన్న మాపటికి మెంతికూర మడిల ఏసిన. నత్తలు మొలకలన్నిటిని కొరుకుతున్నయి. ఇది పోస్తే రావని జెఫు ఇచ్చిండు."

కవిత ముఖం తెల్లబోయింది. "జెఫా? పక్కింటి ముసలాయనతోని నువ్వు మాట్లాడ్తవా?"

"మాట్లాడుడేంది? ఆయన మాట నాకు రాదు, నా మాట ఆయనకు రాదు. నేను ఇంత సర్వపిండి ఇస్త, ఆయన ఇంత పొదీన ఇస్తడు. అల్లునికి ఆయన పేరంటెనే కోపం గద, అందుకే చెప్పలే."

"మరి ఎవరన్న వచ్చిన్రా అంటే రాలేదన్నవు?"

"ఆయన రాలేగద బిడ్డా. కంచె మీదికెల్లి అందిచ్చిండు. సంచి నేనే పట్టుకున్న."

కెమెరాలో కనబడకుండా, కంచె మూలకు ఇటువైపు, ఆ సంచీ కోసం చెయ్యి చాచి నిలబడింది ఈవిడ.

"అదేమిటో ఆయన్ని అడగాలమ్మా. ఇప్పుడే," అన్నాను.

ఫోను పట్టుకుని నడుస్తున్న చెప్పుల చప్పుడు వినిపించింది. ఆ తర్వాత, "జెఫూ! ఓ జెఫూ! ఫోన్, ఫోన్!" అని కేక. కాసేపటికి బొంగురు మగగొంతు పలికింది. మా మాటలు ఇంగ్లీషులోనే సాగాయి.

"హలో? ఎవరు లవ్?" లవ్ అంటే ఇక్కడి పెద్దవాళ్లు 'అమ్మా' అన్నట్టు వాడే పిలుపు.

"నేను లడ్డును చూస్తున్న వెట్‌ని. మీరు నిన్న పక్కింటావిడకు ఇచ్చింది ఏమిటి?"

"అదా? హాప్స్. నా షెడ్డులో బీరు కాచాక మిగిలిన పిప్పి. స్లగ్స్ దాని జోలికి రావు."

"ఏ హాప్స్?"

"క్లస్టర్. పాతకాలపు అమెరికన్ రకం. చేదు కోసం వేస్తారు." అని ఆగి, "ఎందుకు? కుక్కకు ఏమైంది?" అన్నాడు.

చెప్పాను. "అయ్యో దేవుడా," అన్నాడు. ఆ మాటలో ఉన్నది బాధో భయమో నాకు అర్థం కాలేదు.

హాప్ అనేది పైకి పాకే తీగ. దాని ఆకుపచ్చని పూలు చిన్న చిన్న పొలుసుల మొగ్గల్లా ఉంటాయి. బీరుకు చేదు ఇచ్చేవి అవే. వాటిలో అమెరికాలో ఎంతోకాలంగా పండిస్తున్న రకాల్లో క్లస్టర్ ఒకటి. మనిషికి అది బీరులో చేదు మాత్రమే. కొన్ని కుక్కలకు మాత్రం, పచ్చివైనా ఉడికించినవైనా, హాప్స్ లోపలికి వెళ్తే ఒళ్లంతా అదుపు లేకుండా వేడెక్కిపోతుంది. ఎందుకో ఇప్పటికీ పూర్తిగా తెలియదు. మా పాఠ్యపుస్తకంలో దాని గురించి ఒక్క పేరా ఉన్నట్టు గుర్తు. అంతకుముందు ఆ కేసు నేనెప్పుడూ చూడలేదు.

అయినా అనుమానం తీరలేదు. సొంతంగా బీరు కాచే మనిషికి కుక్కలకు హాప్స్ పడవని తెలియదా? పైగా చేదు కోసమే పెంచే పువ్వు అది. అంత చేదు వస్తువును కుక్క తనంతట తాను ఎందుకు తింటుంది? దానిలో ఇంకేదైనా కలిపి ఇచ్చాడేమో.

"ఆ ప్యాకెట్ మీ దగ్గర ఉంటే సర్జరీకి తీసుకురండి. నేను చూడాలి," అన్నాను. సరేనన్నాడు.

హాప్స్ మాట వినగానే హెల్ప్‌లైన్ ఆవిడ డాంట్రోలీన్ పేరు చెప్పింది. బిగుసుకుపోయి వేడి పుట్టిస్తున్న కండరాల్ని సడలించే మందు అది. మాలాంటి చిన్నచోట్ల ఉండదు. ఊరికి అటువైపున్న పెద్ద పెట్ హాస్పిటల్‌లో ఉంది. వాళ్లకు ఫోను చేసి, శ్రీధర్ గారిని వెళ్లి తెమ్మన్నాను. విషయం విని ఆయన కదలలేదు.

"అంటే వాడే ఇచ్చిండు కద మేడమ్! నేను చెప్పింది అదే కద!"

"ఇచ్చాడు. ముందు మందు తేండి. తర్వాత మాట్లాడుకుందాం."

"వాడు చెప్పింది మీరు నమ్ముతున్నరా?"

"ఎవర్నీ నమ్మట్లేదండీ. కుక్క చచ్చిపోతోంది. వెళ్లండి."

నా గొంతు అంత గట్టిగా వస్తుందని నాకే తెలియదు. ఆయన తాళాలు తీసుకుని పరుగెత్తారు.

మేం తువ్వాళ్లు మారుస్తూనే ఉన్నాం. కప్పిన కాసేపటికే వెచ్చబడిపోతున్నాయి. కడుపులో మిగిలిన విషాన్ని పీల్చుకోవడానికి చార్‌కోల్ వేశాను. ఆద్య లడ్డు పాదాల మీద చల్లనీళ్ల దూది అద్దుతోంది.

"ఈజ్ హి గోయింగ్ టు డై?" అని అడిగింది.

"తెలీదమ్మా. నా చేతనైనదంతా చేస్తున్నాను," అన్నాను. పిల్లలకు అబద్ధం చెప్పి తర్వాత వాళ్ల ముఖం చూడలేను.

జెఫ్ వచ్చాడు గానీ ఒంటరిగా కాదు. ఆయన కారు ముందు సీటులోంచి లక్ష్మమ్మ గారు కూడా దిగారు. ఆయన ఇంట్లో వేసుకునే చెప్పులతోనే వచ్చేశాడు. ఆవిడ చీర మీద అల్లుడి స్వెట్టర్ వేసుకుని ఉన్నారు. ఆయన చేతిలో తెరిచిన వెండిరంగు ప్యాకెట్ ఉంది. దానిలో ఎండిన పూలు సగానికి పైగా మిగిలే ఉన్నాయి.

ఒక పువ్వును వేళ్ల మధ్య నలిపి వాసన చూశాను. అదే. బ్లాక్‌కరెంట్, దాని వెనక మగపిల్లి. ట్రేలోని రేకుల పక్కన పెట్టి చూస్తే తేడా లేదు.

"మా అంకుల్ బ్రూవరీలో పనిచేసేవాడు. దీన్ని టామ్‌క్యాట్, మగపిల్లి అనేవాడు," అన్నాడు జెఫ్. "వాసన గిట్టక ఇక్కడివాళ్లు మరుగు మొదట్లోనే వేసేవారట, వాసన ఎగిరిపోయి చేదు మాత్రం మిగలాలని. నాకు మాత్రం ఆ వాసనే ఇష్టం, అందుకే చివర్లో కూడా ఇంకొన్ని వేస్తాను."

"ఇంత చేదుది కుక్క ఎందుకు తింటుంది?" నేను సూటిగానే అడిగాను.

ఆయన నా వంక చూశాడు. ఆ ప్రశ్న వెనక ఏముందో ఆయనకు అర్థమైంది. "గంటసేపు మాల్ట్ నీళ్లలో, అంటే మొలకల బార్లీ నీళ్లలో, ఉడుకుతుంది కదా. ఆ నీళ్లు పాకంలా తియ్యగా ఉంటాయి. ఆ తీపంతా పిప్పి పీల్చుకుంటుంది," అని నెమ్మదిగా చెప్పాడు. "నేను కుక్కను పెంచలేదు డాక్టర్. నాకు తెలియదు. తెలిస్తే ఇస్తానా?"

తర్వాత హెల్ప్‌లైన్‌ వాళ్లూ అదే చెప్పారు. కుక్కలు ఆ తీపి కోసమే తింటాయట. కానీ ఆయన ముఖం చూసిన ఆ క్షణంలోనే నా అనుమానం కరిగిపోయింది.

శ్రీధర్ గారు మందుతో వచ్చేసరికి వెయిటింగ్ రూములో ఎదురుగా జెఫ్ కనిపించాడు. మందు కెల్లీ చేతికిచ్చి ఆయన మీదికి వెళ్లబోయారు. లక్ష్మమ్మ గారు లేచి మధ్యలో నిలబడ్డారు.

"ఏసింది నేను, బిడ్డా. లడ్డు తిరిగే జాగల నా చేతులతోని నేనే పోసిన. అననీకి ఉంటే నన్ను అను."

"మీకు తెల్వదత్తమ్మా, ఆయన..."

"ఆయనకు సుత తెల్వది. నత్తల కోసం ఇచ్చిండు. నా మెంతికూర కోసం ఇచ్చిండు."

జెఫ్‌కు ఆ మాటల్లో ఒక్కటీ అర్థం కాలేదు. జేబులోంచి ఫోను తీసి శ్రీధర్ గారికి చూపించాడు. "మా వీధిలో ఎదురింటివాళ్లు పంపారు," అన్నాడు. అంతకుముందు వెయిటింగ్ రూములో కూర్చుని శ్రీధర్ గారు చేసిన పని అది. కంచె మీదుగా వస్తున్న చెయ్యి వీడియోను తమ కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టి, ఇంటి నంబరుతో సహా, కుక్కకు విషం పెట్టిన మనిషి ఇతనేనని రాశారు. దాని కింద ఎంతోమంది తిట్లు. వాళ్లలో చాలామంది జెఫ్‌కు ఏళ్ల తరబడి తెలిసినవాళ్లే.

"తలుపు కొట్టి నన్ను అడిగి ఉండొచ్చుగా," అన్నాడు జెఫ్. కోపంగా అనలేదు.

శ్రీధర్ గారు అక్కడే నిలబడి ఆ పోస్టు తీసేశారు. తప్పు నాదేనని కొత్తగా రాశారు. మొదటిది చదివినవాళ్లందరూ రెండోది చదివారో లేదో ఎవరికి తెలుసు.

డాంట్రోలీన్ వేశాక చాలాసేపటివరకూ మార్పు లేదు. తర్వాత మొదట వణుకు తగ్గింది, ఆ తర్వాత రొప్పు. థర్మామీటర్ నలభైకి దిగినప్పుడు కెల్లీ నా భుజం మీద గట్టిగా చరిచింది. సాయంత్రం లడ్డును ఆ పెద్ద హాస్పిటల్‌కు పంపించాం. వారం తిరక్కుండా ఇంటికొచ్చేసింది. కిడ్నీలు కొంచెం దెబ్బతిన్నాయి గానీ బతికింది.

ఆ తర్వాత నా పద్ధతి మారింది. అనుమానం మానలేదు, మానకూడదు కూడా. ఆ రోజు నేను జెఫ్‌ను అనుమానించబట్టే ప్యాకెట్ తెమ్మన్నాను, చేదు గురించి అడిగాను. కానీ అంతకుముందు మేమంతా ఎవరు, ఎవరు అని వెతుకుతూ కూర్చున్నంతసేపూ కుక్క ఒంటి వేడి పెరుగుతూనే ఉంది. లక్ష్మమ్మ గారు ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. ఎవరొచ్చారని అడిగితే ఎవరూ రాలేదన్నారు, ఏం వేశారని అడిగితే అంతా చెప్పారు. ఇప్పుడు కొత్తగా చేరిన జూనియర్లకు నేను నేర్పేది ఇదే: ఎవరు పెట్టారని తర్వాత అడుగుదాం, లోపలికి ఏం వెళ్లిందో ముందు కనుక్కోండి.

లడ్డు రక్తపరీక్షకు మళ్లీ వచ్చినప్పుడు ఆద్యతో పాటు లక్ష్మమ్మ గారు వచ్చారు. కరీంనగర్ తిరిగి వెళ్లే రోజులు దగ్గరపడ్డాయన్నారు. శ్రీధర్ గారు జెఫ్ ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగారట. ఆయన తలుపు తీసి, విని, సరేనన్నాడట. కానీ అప్పటినుంచీ కంచె దగ్గరికి రావడం మానేశాడు. షెడ్డులో బీరు కాయడం కూడా లేదు.

"సర్వపిండి పట్కపోతే తీస్కుంటడు. తల మాత్రం ఎత్తడు," అన్నారావిడ. "డాక్టరమ్మా, నాకొక మాట చెప్పు. ఇందుల నీ తప్పేం లేదు అని ఇంగ్లీషుల ఎట్లంటరు?"

ఆద్య నోరు తెరవబోయింది. "నువ్వు ఆగు, నీ ఇంగ్లీషు జర ఫాస్టు," అని ఆవిడ నా వైపే చూశారు.

"నాట్ యువర్ ఫాల్ట్," అన్నాను మెల్లగా.

"నాట్ యువర్..." ఆగిపోయారు. మళ్లీ చెప్పాను. రక్తం తీస్తున్నంతసేపూ లడ్డు మెడ నిమురుతూ, పెదాలు కదుపుతూ, ఆ మూడు మాటలే చెప్పుకుంటూ కూర్చున్నారు. వెళ్లేటప్పుడు తలుపు దగ్గర ఆగి, నన్నే జెఫ్ అనుకుని గట్టిగా ఒకసారి అప్పజెప్పారు. బాగుందన్నాను. ఆ సాయంత్రమే పోయి చెప్తానన్నారు. ఈసారి కంచె మీదుగా కాదట, ముందు తలుపు కొట్టి.